ఆగి ఆగి నడిచే ల్యాప్‌టాప్: హార్డ్ డిస్కు పోకముందే చేయవలసిన పనులు

ల్యాప్‌టాప్ మెల్లగా నడవడం వేరు, ఆగి ఆగి నడవడం వేరు. మొదటిది వయసు మీద పడిన ఎద్దు వంటిది. బరువు తగ్గించి, మేత సరిగా పెడితే ఇంకొన్నాళ్లు సేద్యం చేస్తుంది. రెండోది కాలు విరిగిన ఎద్దు. అదిలించే కొద్దీ దానికి నష్టమే తప్ప మనకు పని జరగదు. అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్న నా దగ్గరికి వచ్చేవారు రెండింటినీ ఒకే మాటతో చెబుతారు: ‘సిస్టం స్లో అయింది.’ ఆ మాట విన్నవెంటనే ఫార్మాట్ కొట్టే అలవాటు మా వృత్తిలోనే ఉంది కాబట్టి, తప్పు వారిది మాత్రమే అనలేను.

కర్నూలులో ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన తన ల్యాప్‌టాప్ తెచ్చి, “ఫార్మాట్ కొట్టిస్తే రెండు నెలలు బాగుండె సార్, మళ్లీ అట్లే తిరుగుతా ఉంది” అన్నారు. ఆ రెండు నెలల బాగు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైతే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే. కనుక ముందు అది చెప్పి, తర్వాత పనుల వరుసలోకి వస్తాను.

హార్డ్ డిస్కులో సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్లలో ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో గడి 512 బైట్లు, కొత్త వాటిలో 4,096 బైట్లు. ల్యాప్‌టాప్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి, అంటే ఒక్క చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక గడి చదవడానికి రాకపోతే డిస్కు ఊరుకోదు. లోపల సమాచారం ఉండే గుండ్రని పళ్లెం మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగి ఇంకోసారి ప్రయత్నిస్తుంది, అలా వందసార్లు ప్రయత్నిస్తే సెకను దాటిపోతుంది, ఆ తర్వాత విండోస్ కూడా తన వంతుగా మరికొన్ని సార్లు అడుగుతుంది. ఈలోగా మౌస్ బాణం కదులుతూనే ఉంటుంది గానీ నొక్కినది ఏదీ తెరుచుకోదు, డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. ఒక ఫైలు కాపీ చేస్తుంటే వేగం ఒక్కసారిగా సున్నాకు పడిపోయి, అర నిమిషం తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ పుంజుకుంటుంది. ఎప్పుడూ ఒకే ఫోల్డరు దగ్గర యంత్రం బిగుసుకుపోతుంటే ఇక అనుమానం అక్కరలేదు.

చదవడానికి రాని గడిని డిస్కు ‘పెండింగ్’ అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ గడి మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడు మాత్రమే అది పనికొస్తుందో లేదో తేల్చుకుని, పనికిరాకపోతే తన దగ్గర దాచి ఉంచిన అదనపు గళ్లలో ఒకదాన్ని దాని స్థానంలో పెట్టుకుంటుంది. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు జరిగేది ఇదే. కొన్ని చెడ్డ గళ్ల మీద కొత్త రాత పడి అవి పక్కకు తప్పుకుంటాయి, కొన్ని ఖాళీ జాగాలో పడి కొన్నాళ్లు ఎవరి కంటా పడవు. పళ్లెం మీద గీత గానీ, పళ్లాన్ని చదివే హెడ్ అరుగుదల గానీ అలాగే ఉంటాయి. రెండు నెలల తర్వాత అదే చోటికి పని మళ్లీ వస్తుంది.

ముందు సమాచారం, తర్వాతే పరీక్ష

పై లక్షణాలు కనిపించినప్పుడు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, పరీక్ష కూడా కాదు. పోగొట్టుకోలేని ఫైళ్లను వేరొక డిస్కులోకి తీసుకోవడం. డిస్కుకు ఇంకా ఎన్ని గంటల ఆయుష్షు ఉందో చెప్పలేనప్పుడు, ఉన్న గంటలను యాంటీవైరస్ పూర్తి స్కాన్‌కో, ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్‌మెంట్‌కో ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు.

అన్నిటికన్నా ముందు జాగ్రత్త పడవలసింది డిస్కులో తప్పులు సరిచేసే ‘చెక్‌డిస్క్’ అనే విండోస్ ఆజ్ఞ విషయంలో. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా ఆ ఆజ్ఞ చివర స్లాష్, ఆర్ చేర్చి నడపమని సలహా ఇస్తారు. అది డిస్కులోని ప్రతి గడినీ, ఖాళీ వాటితో సహా, మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. చదవలేని చోట ఆ ముక్కను ఫైలు నుంచి తీసేసి, మిగిలినదానితో ఫైలును సర్దుబాటు చేస్తుంది. దాని ఉద్దేశం వాల్యూమును, అంటే డ్రైవులోని ఫైళ్ల అమరికను, క్రమంలో పెట్టడం. మీ పెళ్లి ఫొటోలను కాపాడటం దాని బాధ్యత కాదు. మా పిన్నమ్మ కొడుకు కడపలో ఫొటో స్టూడియో నడుపుతాడు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో అతని ల్యాప్‌టాప్ మీద నేనే ఆ ఆజ్ఞ ఇచ్చి రాత్రంతా వదిలేశాను. తెల్లవారేసరికి డిస్కు టక్ టక్ మనే శబ్దం చేస్తూ ఉంది, ఆ తర్వాత ఏ యంత్రమూ దాన్ని గుర్తించలేదు. ముందురోజు సాయంత్రం కాపీ చేసి ఉంటే చాలా ఫొటోలు దక్కేవి. ఇప్పటికీ ఆ ఇంటికి వెళితే అన్నం పెట్టే ముందు ఆ కథ పెడతారు.

కాపీ చేసేటప్పుడు ‘యూజర్స్’ ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి లాగవద్దు. విలువను బట్టి వరుస పెట్టుకోవాలి. వ్యాపారస్తులకు ట్యాలీ డేటా ఫోల్డరు, విద్యార్థికి ప్రాజెక్టు రిపోర్టు, ఇంటివారికి ఫొటోలు, ఆధార్, పాస్‌పుస్తకాల స్కాన్ కాపీలు. సినిమాలు, ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ఆఖరున, లేదా అసలే వద్దు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి చాలామంది మరిచిపోతారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు మీ ఖాతాతో సింక్ అవుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. మరొకటి, విండోస్ 10, 11 ల్యాప్‌టాపుల్లో కొన్ని మీకు తెలియకుండానే డిస్కును బిట్‌లాకర్ పద్ధతిలో తాళం వేసి ఉంచుతాయి. డిస్కు బయటికి తీసి వేరే యంత్రానికి తగిలించినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. యంత్రం ఇంకా నడుస్తున్నప్పుడే ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి కీని కాగితం మీద రాసుకోవాలి.

మామూలు కాపీ ఒక ఫైలు దగ్గర బిగుసుకుంటే మిగతా వరుస అంతా ఆగిపోతుంది. అటువంటప్పుడు విండోస్‌లోనే ఉన్న ‘రోబోకాపీ’ అనే కాపీ ఆజ్ఞ మేలు, అయితే దాన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడకూడదు. చదవలేని ఫైలు ఎదురైతే 30 సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నించాలన్నది దాని సహజ నియమం. అంతవరకు డిస్కూ ఉండదు, మనమూ ఉండం. ఆజ్ఞ చివర స్లాష్, ఆర్, కోలన్, సున్నా అనీ, ఇంకొక స్లాష్, డబ్ల్యూ, కోలన్, సున్నా అనీ చేర్చితే చెడిన ఫైలును వదిలేసి తర్వాతి దానికి వెళ్తుంది. ఉప ఫోల్డర్లతో సహా కావాలంటే స్లాష్, ఈ కూడా చేర్చాలి. స్లాష్, ఎంఐఆర్ మాత్రం వాడవద్దు. గమ్యస్థానంలో అదనంగా ఉన్న ఫైళ్లను అది చెరిపేస్తుంది.

డిస్కు ఏం చెబుతోందో చదవడం

ముఖ్యమైనవి బయటపడ్డాక నిదానంగా పరీక్షకు కూర్చోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్‌ఫార్మెన్స్ భాగంలో డిస్కు వరుస నొక్కి రెండు అంకెలు కలిపి చూడాలి. యాక్టివ్ టైమ్ 100 శాతం ఉండి, చదివే, రాసే వేగం కూడా ఎక్కువగా ఉంటే డిస్కు నిజంగా పనిచేస్తోందన్నమాట. అది ఏ అప్‌డేటో, యాంటీవైరసో కావచ్చు. యాక్టివ్ టైమ్ 100 శాతం ఉండి వేగం మాత్రం సున్నాకు దగ్గరగా, సగటు స్పందన కాలం వేల మిల్లీసెకన్లలో ఉంటే డిస్కు ఒకే గడి దగ్గర తల బాదుకుంటోందని అర్థం.

తర్వాత స్టార్ట్ బొమ్మ మీద మౌస్ కుడి మీట నొక్కి, ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టం చూడాలి. ‘డిస్క్’ అనే మూలం పేరుతో 7వ నంబరు ఉంటే చెడ్డ బ్లాకు తగిలిందని, 153 ఉంటే చదవడం లేదా రాయడం మళ్లీ ప్రయత్నించవలసి వచ్చిందని, 51 ఉంటే పేజింగ్ సమయంలో, అంటే ర్యామ్‌లో పట్టనిదాన్ని డిస్కు మీద ఉంచి తెచ్చుకునేటప్పుడు, తప్పు జరిగిందని అర్థం. విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 కనిపిస్తే ఫైళ్ల అమరిక దెబ్బతిన్నదని. అది డిస్కు లోపం వల్లనే కానక్కరలేదు, కరెంటు పోయి యంత్రం టక్కున ఆరిపోయినా రావచ్చు. ఏడాది క్రితం ఒక్కసారి వచ్చిన 153 గురించి కంగారు పడనక్కరలేదు. ఈ వారంలో ఇరవై వచ్చి ఉంటే మాత్రం కథ వేరు.

మూడోది, అన్నిటికన్నా విలువైనది, డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ పట్టిక. దాన్ని చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లలో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సులభమైనది. నీలం రంగులో గుడ్, పసుపులో కాషన్, ఎరుపులో బ్యాడ్ అని చూపుతుంది. అంకెలు పదహారు ఆధారంగా ఉండి తికమక పెడతాయి కాబట్టి, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ తెరిచి పది ఆధారానికి మార్చుకోవాలి. అప్పుడు నాలుగు వరుసలే చూస్తే చాలు. 05 అనేది ఇప్పటికే మార్చిపెట్టిన గళ్ల లెక్క. సీ5 అనేది చదవడానికి రాక పెండింగ్‌లో ఉన్న గళ్ల లెక్క. సీ6 అనేది డిస్కు తన సొంత పరీక్షలో చదవలేకపోయిన వాటి లెక్క. ఈ మూడూ సున్నా ఉండాలి. 05 ఒక చిన్న సంఖ్య దగ్గర ఏళ్ల తరబడి నిలకడగా ఉంటే కొంత కాలం ఓర్చుకోవచ్చు. అది వారం వారం పెరుగుతుంటే గానీ, సీ5 కొత్తగా సున్నా దాటితే గానీ, కొత్త డిస్కు కొనవలసిందే.

నాలుగోది సీ7. ఇది పెరుగుతుంటే తప్పు డిస్కులో కాక, దానికీ బోర్డుకూ మధ్య ఉన్న పలుచని కేబుల్‌లో ఉండవచ్చు. కేబుల్ తీసి, కొసలు శుభ్రం చేసి, గట్టిగా తగిలిస్తే పోయిన సందర్భాలు చాలా చూశాను. ఈ అంకె ఒకసారి పెరిగాక తగ్గదు; తగిలించిన తర్వాత అక్కడే ఆగిందా, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. కొన్ని కంపెనీల డిస్కుల్లో 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. అవి లెక్క రాసుకునే పద్ధతి వల్ల వచ్చినవి, వాటిని చూసి బెదరవద్దు.

గుడ్ అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చా అంటే, ఉండకూడదు. గూగుల్ సంస్థ తన దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ప్రధానమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఏదీ ముందుగా కనిపించలేదని తేలింది. మరోవైపు, తనను తాను తనిఖీ చేసుకునేటప్పుడు మొదటి తప్పు (స్కాన్ ఎర్రర్) కనిపించిన డిస్కు, అది లేని డిస్కుతో పోలిస్తే, ఆ తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువని కూడా తేలింది. పట్టిక చెడ్డమాట చెబితే నమ్మాలి, మంచిమాట చెబితే సగమే నమ్మాలి. అదే పత్రంలో, ఉష్ణోగ్రతకూ డిస్కులు పాడవడానికీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం లేదని కూడా ఉంది. మన ఎండలను చూసి ప్రతి నేరమూ వేసవి మీద వేసే మా వృత్తివారికి అది కొంచెం నిరాశ కలిగించే విషయం. నా అనుభవంలో ఇక్కడ డిస్కులను ఎక్కువగా తినేది ఎండ కాదు, కుదుపు. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపకుండా మూత మాత్రం మూసి, సంచిలో వేసుకుని, గుంతల రోడ్డు మీద మోటారు సైకిల్‌పై తీసుకుపోతారు. అది స్లీప్‌లోకి వెళ్లకుండా లోపల పళ్లెం తిరుగుతూనే ఉంటే, హెడ్ పళ్లానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. వెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు.

పరీక్షలో డిస్కు నిర్దోషి అని తేలితే మిగిలిన కారణాలు త్వరగానే చూడవచ్చు. 4 జీబీ ర్యామ్ మీద విండోస్ 10 లేదా 11 నడుస్తుంటే 8 జీబీకి పెంచాలి. స్టార్టప్‌లో అక్కరలేనివి ఆపాలి. సీ డ్రైవులో ఖాళీ పది శాతం కూడా లేకుంటే ఖాళీ చేయాలి. తాడిపత్రి గ్రానైట్ పాలిషింగు యూనిట్ల దగ్గరా, కడప బండల కోత జరిగే చోట్లా వాడే యంత్రాల్లో ఫ్యాను పక్కనున్న రేకుల మధ్య దుమ్ము అట్టకట్టి, వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని తిరగకుండా ఆపాలి.

మార్చవలసి వచ్చినప్పుడు

చెడిన డిస్కు స్థానంలో మళ్లీ తిరిగే డిస్కు కొనవద్దు, తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీ కొనండి. 5,400 చుట్ల ల్యాప్‌టాప్ డిస్కు వరుసగా చదివితే సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తుంది. పాత డిస్కు కనెక్టరుకే తగిలే సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు అవసరమయ్యే చెల్లాచెదురు చదువుల్లో తేడా ఇంకా ఎన్నో రెట్లు. కొనే ముందు మీ యంత్రంలో 2.5 అంగుళాల సాటా గది ఉందో, సన్నని పట్టీలాంటి ఎస్ఎస్‌డీ తగిలే ఎం.2 గది ఉందో, ఎం.2 అయితే అది సాటాను తీసుకుంటుందో అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈని తీసుకుంటుందో మోడల్ నంబరుతో చూసుకోవాలి. అంగడిలో ఇచ్చినది తెచ్చుకుని మళ్లీ తిరగడం ఈ ఒక్క అశ్రద్ధ వల్లనే.

విండోస్‌ను కొత్తగా ఎక్కించి, ముందే తీసిపెట్టుకున్న ఫైళ్లను అందులో వేసుకోవడం నా దృష్టిలో శుభ్రమైన పద్ధతి. పాత అమరికంతా అలాగే కావాలంటేనే క్లోనింగ్, అంటే డిస్కును గడికి గడి నకలు తీయడం. అయితే చెడ్డ గళ్లున్న డిస్కు మీద మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు మొదటి దెబ్బకే ఆగిపోతాయి, లేదా అక్కడే గంటల తరబడి కొట్టుకుంటాయి. పెన్ డ్రైవు నుంచే నడిచే లైవ్ లైనక్స్‌తో యంత్రాన్ని లేపి, గ్నూ డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్ వాడాలి. అది మొదట తేలికగా చదవగలిగినదంతా తీసేసుకుని, చెడ్డ ప్రాంతాలను చివరికి వదిలిపెడుతుంది. చెరువులో నీళ్లు ఇంకిపోతున్నప్పుడు ముందు పైనీళ్లు ముంచుకుని, బురద తర్వాత చూసుకున్నట్టు. మొదటి విడతలో హైఫన్, ఎన్ అనే గుర్తు పెడితే బురదను గీకే పని పెట్టుకోదు. ఎక్కడివరకు వచ్చిందీ ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలును తప్పక వేరొక పెన్ డ్రైవులో పెట్టండి. లైవ్ లైనక్స్‌లో పెడితే యంత్రం ఆగగానే అది మాయమవుతుంది, కరెంటు పోయి బ్యాటరీ కూడా నిలవకపోతే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ చూస్తుంటాను. ఒకటి, ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారు కావడం. ఖాళీ డిస్కును పాత డిస్కు మీదికి కాపీ చేస్తే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. పేర్లను నమ్మకుండా, సైజు, మోడల్ నంబరు చూసి, కాగితం మీద రాసుకుని, ఆజ్ఞ ఇచ్చే ముందు పక్కనున్నవారితో ఒకసారి చదివించండి. రెండోది, 500 జీబీ డిస్కుకు 480 జీబీ ఎస్ఎస్‌డీ కొనడం. గడికి గడి కాపీ చేయాలంటే గమ్యం మూలం కంటే ఒక్క గడి కూడా చిన్నదిగా ఉండకూడదు.

ల్యాప్‌టాప్ విప్పేటప్పుడు పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, లోపలి బ్యాటరీ కనెక్టరు మొదట ఊడదీయాలి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవైనది తప్పు చోట బిగిస్తే బోర్డులోకి దిగుతుంది. వాటిని ఏ మూలవి ఆ గిన్నెలో వేయడానికి పోపుల పెట్టెకు మించిన పరికరం నాకింతవరకు దొరకలేదు. ఇంట్లో అడిగి తీసుకోవడం మంచిది.

కాపీ పూర్తయ్యాక, చెక్‌డిస్క్ నడపవలసిన చోటు ఇప్పుడు వచ్చింది, కొత్త ఎస్ఎస్‌డీ మీద. స్లాష్, ఎఫ్ చాలు. దాని తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే ఆజ్ఞ నడిపితే కాపీలో గాయపడిన విండోస్ ఫైళ్లు చాలావరకు బాగవుతాయి.

డిస్కు టక్ టక్ మంటున్నా, విండోస్ కన్నా ముందు లేచే బయోస్ తెరలో కూడా పేరు కనిపించకపోయినా పై మాటలేవీ వర్తించవు. వెంటనే ఆపివేయండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చితే నడుస్తుందన్న చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీయగానే లోపల పేరుకునే తేమ మిగిలిన ఆశనూ తీసేస్తుంది. మూత విప్పి చూడాలన్న కోరిక కూడా వద్దు. దుమ్ము లేని గది ఉన్న రికవరీ సంస్థలే ఆ పని చేయగలవు. మన జిల్లాల నుంచి ఇటువంటి డిస్కులు బెంగళూరుకో, హైదరాబాదుకో వెళ్తాయి. పంపే ముందు అంచనా ఖర్చు, ఫైళ్లు దక్కకపోతే ఎంత తీసుకుంటారన్నది రాతలో తీసుకోండి, అంతకుముందు ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ నడిపారో దాచకుండా చెప్పండి.

పాత డిస్కును కొత్త యంత్రం సర్దుకునేదాకా పారేయవద్దు. ఏ ఫైలు మరిచిపోయామో నెల తర్వాత గానీ తెలియదు. తేదీ, సీ5 అంకె ఒక చీటీ మీద రాసి అంటించి, బీరువాలో పెట్టండి, అంటించేటప్పుడు పైమూత మీదున్న గాలి రంధ్రం మీద పడకుండా చూడండి. దాన్ని యూఎస్‌బీ బాక్సులో వేసి ఎవరికో సినిమాలు దాచుకోవడానికి ఇవ్వడం, పాతసామాన్ల వాడికి అమ్మడం రెండూ వద్దు. చదవడానికి రాని గళ్లను ఏ చెరిపే సాఫ్ట్‌వేరూ పూర్తిగా చెరపలేదు కాబట్టి, మూడు నెలలు గడిచాక డ్రిల్లుతో పళ్లెం దాకా రెండు మూడు రంధ్రాలు వేయండి. 2.5 అంగుళాల డిస్కుల్లో పళ్లెం గాజుది కూడా ఉంటుంది, పగిలితే చిందుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, డిస్కును గోనెసంచిలో చుట్టి వేయండి.